మంటపాల్లో మిగిలినవాళ్ళు

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు అందరికీ వందనాలు చెప్పాలి. తర్వాత వచ్చిన కష్టం చెప్పాలి, అదీ మరీ సాగదీయకుండా. ఆ తర్వాత దేవుడు చేసిన మేలు. చివర హల్లెలూయా అంటే కూర్చున్నవాళ్ళంతా హల్లెలూయా అంటారు, మైకు ఇంకొకరి చేతికి పోతుంది. నా దగ్గర వందనాలు ఉన్నాయి, కష్టం ఉంది. మిగతావి లేవు. అందుకే మైకు ముందు చెప్పలేనిది ఇక్కడ రాసుకుంటున్నాను. రాస్తే కొంచెం కుదురుగా ఉంటుంది. నాలాగా జబ్బుపడి, ఇంట్లో గట్టి నమ్మకం గల పెద్దవాళ్ళున్నవాళ్ళు ఎవరైనా చదివితే వాళ్ళకు పనికి రావచ్చు కూడా.

నా పేరు అనిత. సిద్దిపేటలో కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో ఉంటాం. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన సుధాకర్ ట్రాలీ ఆటో నడుపుతాడు. మా అత్తమ్మ పేరు ఒకప్పుడు నర్సవ్వ. బాప్తిస్మం తీసుకున్నాక మార్తమ్మ అయింది. మా ఇంట్లో మొదట దేవుణ్ణి నమ్ముకున్నది ఆమే, ఆమె వెనక మేమంతా.

అత్తమ్మకు చదువు రాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే బైబిలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అప్పటినుంచి రోజూ పొద్దున చాయ్ కంటే ముందు నేను ఒక భాగం చదవాలి, ఆమె కళ్ళు మూసుకుని వినాలి. అయిపోగానే కళ్ళు తెరిచి ఒకటే ప్రశ్న అడిగేది. "గిది ఇయ్యాల మనకేం జెప్తుంది బిడ్డా?" పాలు విరిగినా, పక్కింటామెతో మాటామాటా వచ్చినా, ఆ పొద్దున చదివిన దాంట్లోనే దానికి జవాబు వెతికేది. నాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత నాకూ అదే అలవాటైంది.

దసరా తర్వాత

మొదట వేళ్ళు పట్టేశాయి. పొద్దున లేస్తే పిడికిలి ముడవడానికి వచ్చేది కాదు. సూదిలో దారం ఎక్కించలేక ఏడుపొచ్చేది. మా ఆయన అది చూసి, పొద్దున బండి తీసే ముందు నాలుగైదు సూదులకు దారం ఎక్కించి, నా మిషను పక్కన దిండుకు గుచ్చి పోయేవాడు. ఇప్పటికీ ఆయన్ని ఎందుకు ఇష్టపడతావంటే ఆ సూదులే గుర్తొస్తాయి.

తర్వాత సాయంత్రం జ్వరాలు. తల దువ్వితే చేతికి వచ్చే జుట్టు. ముక్కుకు అటూ ఇటూ బుగ్గల మీద ఎర్రటి మచ్చ. ఇక్కడ ఒకాయన టైఫాయిడ్ అన్నాడు, ఇంకొకాయన వాతం అన్నాడు. చివరకు హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానకు పోయాం.

ఆ దవాఖాన హాలు గురించి మళ్ళీ చెప్తాను. ఆ రోజు మాత్రం లోపలికి పోయేసరికి మధ్యాహ్నమైంది. చిన్న వయసు డాక్టరమ్మ. కాగితాలన్నీ చూసి మెల్లగా చెప్పింది. "నిన్ను కాపాడాల్సిన బలమే నీ ఒంటి మీద తిరగబడుతోందమ్మా. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. అదుపులో పెట్టుకోవాలి. గోలీలు మాత్రం మాకు చెప్పకుండా ఆపొద్దు."

"ఎన్నొద్దులు వాడాలె మేడం?" అన్నాడు మా ఆయన.

"ఎప్పటికీ," అంది ఆమె.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు, సిద్దిపేట వచ్చేదాకా. నాకు భయమేసింది. చావు భయం కాదు, ఎప్పటికీ అనే మాటంటే భయం.

క్రిస్మస్ రోజుల్లో

గోలీలు పనిచేశాయి. కొద్ది రోజుల్లోనే వేళ్ళు మళ్ళీ వంగసాగాయి. ఒకరోజు కూర్చుని ఎల్లిగడ్డ పాయల పొట్టు తీస్తుంటే అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసి, కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. ముఖం కూడా నిండింది. ఆ గోలీలకు ముఖం ఉబ్బుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ మా సంఘం ఆడవాళ్ళకు అది తెలియదు కదా. నా బుగ్గలు పట్టుకుని, "ఎంత కళ వచ్చింది మార్తమ్మా నీ కోడలికి!" అనేవాళ్ళు. పండుగ కొత్త చీరలో నన్ను నేను అద్దంలో చూసుకుని, నిజమేనేమో అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున కుష్ఠు రోగుల భాగం వచ్చింది. పదిమంది బాగవుతారు. ఒక్కడే వెనక్కి వచ్చి దేవునికి కృతజ్ఞత చెప్తాడు. మిగతా తొమ్మిదిమంది ఏరి అని యేసు అడుగుతాడు. నేను చదవడం ఆపేసరికి అత్తమ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆ రోజు ఆమె నన్ను ప్రశ్న అడగలేదు, జవాబు తానే చెప్పింది. "మనం ఆ తొమ్మిదిమంది లెక్క ఉండొద్దు బిడ్డా. ఆలిశెం జేస్తె దేవుని మేలు మరిచినట్టే."

ఆ తర్వాతి ఆదివారం ఆమె మైకు తీసుకుంది. "నా కోడలు సూదిల దారం గూడ ఎక్కియ్యకపోయేది. ఇయ్యాల ఎల్లిగడ్డ పొట్టు దీస్తుంది. దేవుడు నా బిడ్డకు పూర్తిగ బాగుజేసిండు." హల్లెలూయా అని రేకుల కప్పు అదిరేలా అన్నారు. నేనూ అన్నాను. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చప్పట్లు కొట్టాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు.

సోమవారం పొద్దున కిటికీలో గోలీల డబ్బా లేదు. అత్తమ్మ దాన్ని పెట్టెలో చీరల కింద పెట్టింది. అడిగితే నా తల నిమిరింది. "సాక్ష్యం జెప్పినంక గోలీ మింగితే దేవునికో మాట, దవాఖానకో మాట అయితది బిడ్డా."

మా ఆయన ఇద్దరివంకా చూశాడు. వాళ్ళమ్మ నమ్మకానికి ఎదురుచెప్పిన మనిషి కాదు. బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. నేనూ పట్టుబట్టలేదు. బాగైందన్న మాట నిజం కావాలని ఆమె కంటే నాకే ఎక్కువ ఆశ. ఎప్పటికీ అన్న డాక్టరమ్మ మాట కంటే పూర్తిగా అన్న అత్తమ్మ మాట వినసొంపుగా ఉంది. దవాఖానకు మళ్ళీ రమ్మన్న రోజు వచ్చింది, పోయింది. మేం పోలేదు.

శ్రమల దినాలు

క్రీస్తు శ్రమలను తలుచుకుని ఉపవాసాలుండే రోజులు మొదలయ్యేసరికి నా పాదాలు వాచాయి. వేలితో ఒత్తితే గుంట పడి అట్లాగే ఉండేది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. అత్తమ్మ ఒకరోజు నా కాలు తన ఒళ్ళోకి తీసుకుని, తానే వేలితో ఒత్తి చూసింది. ఆ గుంట పూడుతుందేమోనని చాలాసేపు చూసింది. తర్వాత లేచి, మా ఆయన సాక్సులు తెచ్చి నా కాళ్ళకు తొడిగింది.

"ఎవ్వలకు జెప్పకు," అంది.

"సాక్ష్యం అబద్ధమైతదనా అత్తమ్మా?"

"నేను అబద్ధమైతే ఏమాయె బిడ్డా. దేవుడు అబద్ధమైతడు."

ఆమె చెడ్డ మనిషి కాదు. నాకోసం తిండి మానేసింది. మోకాళ్ళ మీద కూర్చుని కూర్చుని ఆమె మోకాలి చర్మం నల్లబడింది. కానీ జబ్బుపడ్డానని చెప్పుకునే జాగ నాకు లేకుండా పోయింది. శుక్రవారం మా ఇంట్లో ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్ళ మధ్య ఎండాకాలం మొదట్లో సాక్సులేసుకుని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని నవ్వుతూ కూర్చున్నాను. ఏమైందంటే జలుబన్నాను. వాళ్ళు నా స్వస్థతకు మళ్ళీ ఒకసారి స్తోత్రం చెప్పారు. జ్వరంతో పడుకోవడం కంటే బాగైనదానిలా కూర్చోవడం ఎక్కువ కష్టమని అప్పుడు తెలిసింది.

దౌల్తాబాద్ నుంచి మా అమ్మ ఫోన్ చేసి, "నీ గొంతు గట్లున్నదేంది బిడ్డా?" అంది. ఆమెకూ జలుబనే చెప్పాను.

మట్టల ఆదివారం నాడు అందరం ఈత మట్టలు పట్టుకుని, పాటలు పాడుతూ గల్లీ నుంచి మెయిన్ రోడ్డుదాకా నడుస్తాం. నా కాళ్ళకు నా చెప్పులు పట్టలేదు. మా ఆయన చెప్పులేసుకుని నడిచాను. రోడ్డు మీదికి రాగానే మూసి ఉన్న ఒక దుకాణం షట్టర్ ముందు కూలబడ్డాను. పాస్టరుగారి భార్య గాలి తగలాలని సాక్సులు లాగేసింది. సాక్సుల అంచు పిక్కలో దిగి, తాడు కట్టి విప్పినట్టు గీత పడి ఉంది. ఆడవాళ్ళంతా నా కాళ్ళు చూశారు. పాట ఆగిపోయింది.

పాస్టరుగారు అత్తమ్మను అడిగారు. "మార్తమ్మా, బిడ్డ మందులు ఏసుకుంటుందా లేదా? మందులు బంద్ జెయ్యిమని నేనెన్నడన్న జెప్పిన్నా?"

అత్తమ్మ మట్ట పట్టుకుని నిలబడింది. నావైపు చూడలేదు. మా ఆయనే అన్నాడు, "బంద్ జేసి నెలలాయె అయ్యగారూ." అని బండి తేవడానికి ఉరికాడు.

ఎండాకాలం

హైదరాబాదు దవాఖానలో వార్డులో చేర్చుకున్నారు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. పోయినంత పోయింది, మిగిలింది కాపాడుకుందాం అంది డాక్టరమ్మ. తిట్టలేదు. "ఎవరు ఆపమన్నారమ్మా?" అని మాత్రం అడిగింది. ఎవరూ అనలేదన్నాను.

వార్డులో ఉన్నన్ని రోజులు అత్తమ్మ మా వెంటే హైదరాబాదులో ఉంది. కానీ లోపలికి రాలేదు. హాల్లో సిద్దిపేటవాళ్ళు ఎవరైనా కనిపిస్తారని గేటు బయట షెడ్డు కింద కూర్చునేది. మా అమ్మ దౌల్తాబాద్ నుంచి వచ్చింది, కొమురవెల్లి మల్లన్న గుడినుంచి బండారి తెచ్చింది. ఆ పసుపు పొట్లాన్ని నా దిండు కింద పెట్టి, వద్దంటానేమో అన్నట్టు నా ముఖం చూసింది. నేను వద్దనలేదు. వద్దనే ఓపిక లేదు, వద్దనాలనీ అనిపించలేదు.

"మీ అత్త ఏం తింటలేదు బిడ్డా. నేను సద్ది ఇప్పినా నా దిక్కు తల ఎత్తి సూస్తలేదు," అంది అమ్మ.

"ఎత్తకుంటే ఎత్తకపోనీ," అన్నాను. అంత కోపం నాలో ఉందని నాకే తెలియదు.

వార్డు నుంచి పంపించాక కూడా ఇంజెక్షన్లకు తిరగాల్సి వచ్చింది. ఆ హాల్లోనే ఎల్లవ్వ పరిచయమైంది. ములుగు దగ్గర ఊరు ఆమెది, కూలిపని చేసేది. నాకంటే పెద్దది, నా జబ్బే. కాళ్ళు కిందికి వేలాడితే వాపు పెరుగుతుందని తన బట్టల సంచి నా ముందు పెట్టి, "కాళ్ళు దీనిమీద వెట్టు," అనేది. తన కాళ్ళూ వాచే ఉండేవి. ముందుగా వచ్చినవాళ్ళు పక్క కుర్చీ ఆపి ఉంచాలని మా ఇద్దరికీ ఒప్పందం.

ఆ హాల్లోనే యోహాను రాసిన ఒక భాగం చదివాను. ఒక కోనేరు, దానికి అయిదు మంటపాలు. వాటినిండా గుడ్డివాళ్ళు, కుంటివాళ్ళు, ఎండిపోయిన కాళ్ళూ చేతులవాళ్ళు నీళ్ళు కదలడం కోసం పడుకుని ఉంటారు. యేసు వస్తాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా జబ్బుతో ఉన్న ఒక్క మనిషిని లేపుతాడు. అతను పరుపెత్తుకుని నడిచి పోతాడు. ఈ భాగం నాకు ఎప్పటినుంచో వచ్చు. పాటలుగా పాడాం, బోధలుగా విన్నాం. కానీ ఆ హాల్లో, టోకెన్ పట్టుకుని కూర్చున్న అంతమంది మధ్య చదివితే, లేచినవాడి మీదికి నా చూపు పోలేదు. మిగిలినవాళ్ళ మాటేంటి? అతను పోయాక వాళ్ళు అటువైపు చూస్తూ పడుకున్నారా? సాయంత్రం వాళ్ళకు ఎవరు అన్నం పెట్టారు? ఆ తర్వాతి వాక్యాలన్నీ వెతికాను. వాళ్ళ గురించి ఒక్క మాట లేదు.

వానలు పడటానికి ముందు ఒకసారి పోయినప్పుడు పక్క కుర్చీ ఆపి ఉంచాను. ఎల్లవ్వ రాలేదు. కౌంటరు దగ్గర ఆమె పేరు పిలిచారు. ఇంకోసారి పిలిచారు. మూడోసారి ఇంటిపేరుతో సహా గట్టిగా పిలిచారు. హాల్లో అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆమె కాగితం పక్కకు పెట్టి తర్వాతి పేరు పిలిచారు. ఆమె ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

వానలు

ఇంట్లో నేనూ అత్తమ్మా తిన్నావా, గోలీ ఏసుకున్నావా అన్న మాటలు తప్ప మాట్లాడుకోవడం మానేశాం. గోలీల డబ్బాను ఆమే పెట్టెలోంచి తీసి కిటికీలో పెట్టింది. సంఘానికి పోవడం ఆపేసింది. పొద్దున నా ముందుకు వచ్చి కూర్చోవడం ఆపేసింది. నేను ఒక్కదాన్నే లోపల చదువుకునేదాన్ని. చదువుతూ దేవుణ్ణి తిట్టిన రోజులున్నాయి. అసలేమీ అనబుద్ధి కాక ఊరికే పేజీ చూస్తూ కూర్చున్న రోజులు ఇంకా ఎక్కువ. కీర్తనల్లో ఎనభై ఎనిమిదోది ఒక్కటే నాకు తోడుగా అనిపించింది. మిగతావన్నీ ఏడుపుతో మొదలైనా స్తుతిలోకి తిరుగుతాయి. అది తిరగదు, మొరతో మొదలై చీకటి దగ్గరే ఆగుతుంది. దాన్ని కూడా బైబిల్లో ఉంచారు కదా అని చూసుకునేదాన్ని.

ఒకరోజు పాస్టరుగారు వానలో తడుసుకుంటూ వచ్చారు. చాయ్ ఇచ్చి, మంటపాల్లో మిగిలినవాళ్ళ సంగతి అడిగాను.

"రాయలేదమ్మా. నేను గూడ ఇన్నేండ్ల బోధల ఎన్నడు అడుగలే," అన్నారు. గ్లాసు కింద పెట్టి, "ప్రార్థన జెయ్యమంటవా?" అన్నారు.

"ఇయ్యాల వద్దయ్యగారూ," అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. వాన తగ్గేదాకా ఊరికే కూర్చుని పోయారు. దానికి నేను ఆయనకు రుణపడి ఉన్నాను. లోపలి గదిలో అత్తమ్మ మా మాటలన్నీ విన్నదని నాకు తెలియదు.

తెల్లారి ఆమె వచ్చి నా ముందు కూర్చుంది. నెలల తర్వాత. "సదువు. ఆ కోనేటిది," అంది. చదివాను. కళ్ళు మూసుకుని విన్నది.

"ఆ లేచినోడు అందరి మధ్యలకెళ్ళి నడిచి పోయిండా?"

"గట్లనే రాసి ఉంది అత్తమ్మా."

ఎప్పుడూ అడిగే ప్రశ్న ఆ రోజు అడగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని చాయ్ పెట్టడానికి లేచింది.

ఆ ఆదివారం సంఘానికి వచ్చింది. సాక్ష్యాల సమయంలో నడుము పట్టుకుని లేచి, మైకు దగ్గరికి నడిచింది. మళ్ళీ ఏమంటుందో అని భయపడ్డాను.

"అందరికి వందనాలు," అంది. "నేను క్రిస్మస్ దినాలల్ల జెప్పిన సాక్ష్యం తప్పు. నా కోడలికి బాగుగాలె. బాగైతదో లేదో నాకు దెల్వది. గోలీలు నేనే దాపెట్టిన. మీ ఇండ్లల్ల ఎవ్వలన్న దాపెట్టుకుంటే, తీసి బిడ్డలకు ఇయ్యిన్రి."

చెప్పి, అలవాటు చొప్పున కాసేపు అట్లాగే నిలబడింది. హల్లెలూయా అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అన్ని నెలల కోపం పోయిందని చెప్పను. కానీ చాప మీద కొంచెం జరిగి నా పక్కన ఆమెకు జాగ చేశాను. ఆమె వచ్చి కూర్చుంది.

ఇప్పుడు

గండం గడిచిందంటారు అందరూ. ఊపిరి ఆడుతోంది, వేళ్ళు వంగుతున్నాయి, రోజుకు ఒక బ్లౌజు కుడుతున్నాను. కానీ కిడ్నీలు వెనక్కి రాలేదు. ఇంకొంచెం తగ్గితే మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు వస్తుందనే అనుకుంటున్నాను. ఇదంతా ఏదో మంచికే జరిగిందని నాతో అనొద్దు. నాకు ఆ మంచి కనిపించడం లేదు. గోలీలు మాత్రం ఆపకండి. ప్రార్థన చేయండి, గోలీ మింగండి, రెండూ ఒకే నోటితో చేయొచ్చు.

పొద్దున చదవడం మళ్ళీ మొదలైంది. అత్తమ్మ వింటుంది. కొన్నిసార్లు పాత ప్రశ్న అడుగుతుంది. "ఏం జెప్తలేదు అత్తమ్మా ఇయ్యాల," అంటాను. "సరే," అని లేస్తుంది.

ఇప్పుడు దవాఖానకు ఆమే నా వెంట వస్తోంది, మా ఆయనకు బండి పని పోకుండా. గేటు బయట కూర్చోవడం లేదు. హాల్లో నా పక్కన, ఎల్లవ్వ కుర్చీలో కూర్చుంటుంది. మొన్న పోయినప్పుడు సిద్దిపేట నుంచి వచ్చిన మా సంఘంలోని ఒకామె ఎదురు వరసలోనే ఉంది. నాకు ఒంట్లో బాగాలేదు, కళ్ళు తిరుగుతున్నాయి. కౌంటరు దగ్గర నా పేరు పిలిచారు. లేవబోతే కాళ్ళు రాలేదు. రెండోసారి పిలిచారు. నాకు ఎల్లవ్వ గుర్తొచ్చింది.

అంతమంది మధ్యలోంచి అత్తమ్మ లేచి నిలబడి, చెయ్యెత్తింది.

"ఉన్నది సారూ! సిద్దిపేట అనిత. పానం మంచిగ లేదు, లేవస్తలేదు. గీడనే ఉన్నది!"

హాలంతా వినపడేంత గట్టిగా చెప్పింది.